అక్లూజ్ ద్రాక్ష, అరేబియా రేటు

సోలాపూర్ పూర్వభాగ్ టవల్ కార్ఖానాదారులకు కొత్త చిక్కొచ్చి పడింది. నూలు ధర కాదు లెండి. ముంబైలో క్రూయిజ్ ఎక్కాక టికెట్‌తో పాటు పెట్టే భోజనం తినాలా, పైన డబ్బు కట్టి వంటకానికో వైన్ గ్లాసు పోసే స్పెషల్ రెస్టారెంట్‌లో కూర్చోవాలా? మగ్గం కార్మికుడు కూలి పెంచమంటే నెలల తరబడి తేలని లెక్క, ఇక్కడ ఒక్క చాయ్‌లో తేలిపోయింది: "మళ్లీ మళ్లీ వెళ్తామా!"

పోసేది ఫ్రటెల్లీ కంపెనీ వైన్ అయితే ఆ ద్రాక్షతోటలు మన జిల్లా అక్లూజ్‌వే. నాలుగొందల కిలోమీటర్లు పోయి, జిల్లా సరుకునే ఫారిన్ మొహం పెట్టి తాగాలన్నమాట. 2022లో సూపర్‌మార్కెట్లలో వైన్ అమ్మనిస్తామని మహారాష్ట్ర మంత్రివర్గం అన్నప్పుడు సంస్కృతి మునిగిపోతుందని గగ్గోలు పెట్టిన పెద్దలున్నారు. ఓడ మీదైతే తేలుతుంది కాబోలు!

మా సలహా అడిగితే, వంట కోసం ఒక పూట ఆ స్పెషల్ రెస్టారెంట్‌లో కూర్చోండి, వైన్ జత వద్దనండి, కావాలంటే విడిగా ఓ గ్లాసు చాలు. ఇంతకీ పెట్టెలో కడక్ భాకరీ, శేంగా చట్నీ సర్దారుగా? వాటికి ఏ వైన్ నప్పుతుందో వెయిటర్‌నే అడగండి.