పెద్దలు వద్దనే పనులే చెయ్యి

చెల్లె, నీ చేతుల్ల మొదటి మనిషి పోయిన రాత్రి అందరూ ఒకటే చెప్తరు: ఏడవకు, పేరు తలవకు, అలవాటైపోతది. నేను దానికి అడ్డంగ చెప్తున్న. తప్పుడు సలహా అంటరు, అననీ.

ముందు ఏడువు. బాత్‌రూమ్‌ల నల్లా తిప్పుకొని కాదు, పోయినామె తల్లి పక్కన నిలబడి ఏడువు. నర్సు ఏడిస్తే తప్పు ఒప్పుకున్నట్టేనని నన్నొక సీనియర్ సిస్టర్ భయపెట్టింది. ఆమె మాట విని పొడికళ్లతోని నిలబడ్డ. పదేండ్ల సంది అదే గుచ్చుతున్నది.

మోర్తాడ్ దిక్కు పసుపు తవ్వే రోజులవి. ఒకామెకు కాన్పయినంక నెత్తురు ఆగలే. సూది ఇచ్చినం, కడుపు మీద ఒత్తుకుంట కూసున్నం, 108 ఎక్కించినం. నిజామాబాద్ దాదాపు 50 కిలోమీటర్లు. పెర్కిట్ దాటంగనే నా వేళ్ల కింద నాడి దొరకలే.

"దాని గురించి ఆలోచించకు" అంటరు. ఆలోచించు, కానీ పక్కమీద పండుకొని కాదు. కేస్ షీట్ ముందట పెట్టుకొని, నీతోటి డ్యూటీల ఉన్నామెను కూసోబెట్టుకొని, ఏ పని ఎన్ని గంటలకు చేసినవో రాయి. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరు దాకా నెత్తురు పారుతది. కాన్పయినంక అది ముడుచుకోకపోతే ఎంత తొందరగ మనిషి ఒడిసిపోతదో ఆ కాగితం మీద కనిపిస్తది. "ఐదు నిమిషాలు ముందు కదిలితే" అన్న పురుగు అప్పుడే కొంచెం సద్దుమణుగుతది. తప్పు దొరికితే అదీ రాయి, డాక్టరుకు చెప్పు.

చావింటికి పోయొచ్చినోళ్లు తానం చెయ్యకుండ గడప తొక్కరు. మనం మాత్రం గ్లవుజులు మార్చుకొని ఇంకో కాన్పుకు పోతం. ఇంటికి పోయినంక సొంత మనిషి పోయినట్టే తల మీద నీళ్లు పోసుకో. వారాలు గడిచినా నిద్ర పట్టకపోతే 14416కు ఫోన్ చెయ్యి. అది 2022 అక్టోబర్‌ల మొదలైన టెలి మానస్, తెలుగుల మాట్లాడుతరు.

పొరపాటు జరిగిన చోట వైద్యం చేసినోళ్లను "రెండో బాధితులు" అని 2000 సంవత్సరంల ఆల్బర్ట్ వూ అనే అమెరికా డాక్టర్ రాసిండు. మన బాధకు పేరు పెట్టిండు, మంచిదే. కానీ నా లెక్కల రెండోది ఆ పసిగుడ్డు. మనం ఆ తర్వాత.

అందుకే పిట్టకు పెట్టేనాడు వాళ్లింటికి పో. ఆశా అక్కను తోడు తీస్కపో. నాకు ధైర్యం చాలక పదకొండో రోజు పోయిన. తిడుతరనుకున్న. పోయినామె అత్త చెంబుతోని నీళ్లిచ్చి, "ఆఖరుకు ఏమన్న అన్నదా బిడ్డా?" అని అడిగింది.

"పిలగాడు పాలు తాగిండా అన్నది" అని చెప్పిన.