ఎంతిస్తుందండీ?

మన చిన్న సెడాన్ పొడవు తేల్చింది ఇంజనీర్లు కాదు, బడ్జెట్. పొడవు నాలుగు మీటర్లు దాటకుండా, పెట్రోలు ఇంజను 1200 సీసీ, డీజిలు ఇంజను 1500 సీసీ మించకుండా ఉంటే పన్ను తక్కువని 2006లో అన్నారు. అంతే, డిక్కీలకు కత్తెర పడింది. 2008లో వచ్చిన మొదటి డిజైర్ పొడవు 4160 మిల్లీమీటర్లు. 2012లో వచ్చింది 3995. ఇప్పుడు డిజైర్, అమేజ్, ఆరా అన్నీ 3995 దగ్గరే. టిగోర్ మాత్రం ఎందుకైనా మంచిదని ఇంకో రెండు మిల్లీమీటర్లు ఒదిగి నిలబడింది. కాబట్టి కారు కొందామనుకున్నప్పుడు పొడవు గురించీ, ఇంజను సైజు గురించీ పోట్లాడుకోవడానికి మా ఇంట్లో ఏమీ మిగల్లేదు. మిగిలింది మైలేజీ ఒక్కటే. అది చాలు మావాళ్లకి.

ముందు మా తోడల్లుడు దిగాడు. ఆయనది పాత డిజైర్ డీజిలు. అందులో ఉన్నది ఫియట్ వాళ్ల 1.3 లీటర్ల ఇంజను. ఒకప్పుడు మారుతి, టాటా, ఫియట్ డీజిలు కార్లు చాలావాటిలో అదే ఉండేది. 2017 మోడల్‌కి లీటరుకి 28.40 కిలోమీటర్లని సర్టిఫికెట్ కూడా ఉంది. 2020 ఏప్రిల్లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు రావడంతో దాని కథ ముగిసింది. ఈ సైజు సెడాన్లలో ఇవాళ ఎవరి దగ్గరా డీజిలు దొరకదు. ఆయన మాత్రం ఆ ఏప్రిల్ తర్వాత పుట్టిన కార్లను కార్లుగా గుర్తించడు. “ఫుల్ ట్యాంకు కొట్టిస్తే హైదరాబాదులో బయల్దేరి, తిరుపతి చూసుకుని, కడప దాకా వెనక్కొచ్చేయొచ్చన్నయ్యా” అంటాడు. అది నిజమే, పక్కసీట్లో నేనున్నాను. కడపలో మళ్లీ డీజిలు కొట్టించింది కూడా నేనే కాబట్టి, అక్కణ్ణుంచి హైదరాబాదు దాకా ఆయన లెక్కలోకి రాదు.

మా మేనమామది వేరే బాధ. ఆటోమేటిక్ కారు పెట్రోలు తాగేస్తుందని ఆయన నమ్మకం. పాతకాలపు ఆటోమేటిక్‌ల విషయంలో అది అబద్ధం కాదు. కానీ ఇప్పటి డిజైర్ కాగితాలు చూడండి: చేత్తో గేర్లు వేస్తే 24.79, కారే వేసుకుంటే 25.71. అమేజ్‌లోనూ అంతే: మాన్యువల్ 18.65, సీవీటీ ఆటోమేటిక్ 19.46. ఈ అంకెలు చూపించగానే మామయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “అంటే ఇన్నేళ్లూ నాకు గేర్లు వెయ్యడం రాదంటావట్రా?” అన్నాడు. నేనేమీ అనలేదు. ఆయన కారెక్కిన వాళ్లెవరూ కూడా ఏమీ అనరు, దిగేదాకా.

ఇంతకీ ఈ అంకెలు పుట్టే తీరు తెలుసుకుంటే రక్తపోటు తగ్గుతుంది. పుణెలో ఏఆర్ఏఐ అనే సంస్థ ఉంది. అక్కడ కారుని రోలర్ల మీదికి ఎక్కిస్తారు. చక్రాలు తిరుగుతాయి, కారు కదలదు. ఇరవై నిమిషాల లోపు, పదకొండు కిలోమీటర్ల లోపు పరీక్ష. వేగం 90 దాటదు, ఏసీ వెయ్యరు. తాగిన పెట్రోలు కొలిచే పని కూడా లేదు. వెనక గొట్టంలోంచి వచ్చిన పొగను పట్టి, అందులోని కర్బనాన్ని బట్టి లెక్క కడతారు. గుంత లేదు, గేదె లేదు, ఎదురుగా వచ్చే ఆటో లేదు. ‘ఏసీ పెంచండి’ అనే అత్తగారు లేరు. ఆ గదిలో నడిపితే మామయ్యకి కూడా పాతిక వస్తుంది.

దీనికి తోడు ఇప్పుడు బంకులో పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి లీటరుకి పెట్రోలు కన్నా మూడోవంతు తక్కువ. మైలేజీ కాస్త తగ్గడం సహజమే. కానీ మావాళ్లకి ఇది దేవుడిచ్చిన సాకు. టైర్లలో గాలి కొట్టించని మా పెదబావ కూడా “అంతా ఇథనాలండీ” అని నిట్టూరుస్తున్నాడు.

సీఎన్‌జీ సంగతి మా అబ్బాయి ఎత్తాడు. డిజైర్‌లో కిలోకి 33.73. నోరూరే అంకె. అయితే 82 గుర్రాల ఇంజను గ్యాసు మీద 70 గుర్రాలకి దిగుతుంది. మిగతా పన్నెండూ ఏమయ్యాయో తిరుమల ఘాట్ రోడ్డులో, వెనక ముగ్గురు పెద్దవాళ్లని కూర్చోబెట్టుకున్నప్పుడు తెలుస్తుంది. పైగా 382 లీటర్ల డిక్కీలో సిలిండరు కాపురం పెడుతుంది. టాటావాళ్లు 2023లో టిగోర్‌కి రెండు చిన్న సిలిండర్లు పెట్టి, డిక్కీ అడుక్కి పడుకోబెట్టారు. మంచి ఆలోచన. నాకు నిజంగా నచ్చింది. మా ఆవిడ మాత్రం “పెళ్లికి వెళ్తే సామాను పట్టాలి, వస్తే సారె పట్టాలి, గ్యాసు ఇంట్లో ఉంది చాలు” అని తీర్మానించింది.

నేను రాత్రంతా కూర్చుని లెక్క వేశాను. పుణె అంకెలే నమ్మి పదివేల కిలోమీటర్లు తిరిగితే, అమేజ్ 18.65కీ డిజైర్ 24.79కీ తేడా సుమారు 133 లీటర్లు. లీటరు 107 చొప్పున పద్నాలుగు వేల రూపాయలు. పొద్దున్నే గర్వంగా కాగితం చూపించాను. ఆవిడ ఇడ్లీ పాత్ర దించుతూ, “మీరు ఆఫీసుకెళ్లేది మెట్రోలో కదండీ. పదివేల కిలోమీటర్లు ఎవరు తిరుగుతారు, మీ తోడల్లుడా?” అంది.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. చివరికి అత్తగారు మోకాళ్లు పట్టుకోకుండా ఎక్కి దిగగలిగిన కారు కొన్నాం. ఇంజనులో సిలిండర్లు మూడా నాలుగా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కానీ ‘ఎంతిస్తుందండీ?’ అని అడగని మనిషి లేడు. కొద్దిరోజుల్లోనే నాకు పద్ధతి పట్టుబడింది. తోడల్లుడు అడిగితే ఇరవై మూడు. మామయ్యకి ఇరవై, అదీ ఆయన మనసు నొప్పించకుండా. ఆదివారం కారు అరువడిగే అలవాటున్న వాళ్లకి పదకొండు, అదీ దిగులుగా చెబుతాను.

నిన్న పై ఫ్లాటాయన లిఫ్టు దగ్గర ఆపి, నవ్వుతూ అదే ప్రశ్న వేశాడు. ఆయనతో నాకు పెద్దగా పరిచయం లేదు. ఒక్క క్షణం తటపటాయించి, “ఎందుకండీ, ఎక్కడికైనా వెళ్లాలా?” అని అడిగాను.