తుపాకీ మెడ మీది పద్యానికి టీకా తాత్పర్యం

మూలము:
కిరీటము, జి.ఆర్.
బి.ఎస్.ఏ. కో.
1917
షార్ట్ ఎల్.ఈ.
3 నక్షత్రము

అవతారిక: ఈ పంచపాది డాలస్ నగరవాసియైన మా బావమరిది గోడ మీద వేలాడు లీ-ఎన్‌ఫీల్డ్ తుపాకీయందు, బోల్టు పిడికి కిందుగా, ఇనుమూ కర్రా కలియు చోట గుద్దబడి యున్నది. మన పోలీసుల భుజాన దశాబ్దాలపాటు వేలాడిన త్రీనాట్‌త్రీ ఇదే. మన దేశంలో మామూలు మనిషికి అది దొరికే వస్తువు కాదు. అక్కడ మాత్రం సైన్యాలు వదిలించుకున్న పాత సరుకుగా అమ్ముతారు, కొంటారు, కొన్నాక దాని వంశచరిత్ర చెబుతారు. ఆ చెప్పడమే ఈ వ్యాఖ్యకు హేతువు. "బావా, ఇది సొమ్ యుద్ధం చూసిన తుపాకీ" అని వీడియో కాల్‌లో వాడు గర్భగుడిలో మాట్లాడుతున్నట్టు గొంతు తగ్గించి అన్నాడు.

ప్రతిపదార్థము: కిరీటమనగా కిరీటమే. జి.ఆర్. అనగా ఐదవ జార్జి. బి.ఎస్.ఏ. అనగా బర్మింగ్‌హామ్ కంపెనీ, మోటారుసైకిళ్లు చేసినది కూడా అదే. తక్కినది బాలురకు సైతము సుబోధము గనుక విడిచితిమి.

నక్షత్రము: ఇచట ఆగవలెను. సామాన్య పాఠకుడు చుక్కను చూచి ఏదో ఘనత చేరినదని భ్రమించును. కాదు. 1907లో వచ్చిన మూడవ నమూనాకు రెండు విశేషాంగములుండెను. ఒకటి, తూటాల పెట్టెకు మీదుగా అడ్డముగా జరుగు రేకు. దాన్ని లోపలికి తోస్తే, పెట్టెలో పది తూటాలున్నా సరే, సైనికుడు ఒక్కొక్కటే చేత్తో పెట్టుకుని పేల్చాలి. పదీ ఆపత్కాలానికి దాచాలి. జవాను చేతికి పదీ ఇస్తే పదీ తగలేస్తాడని దొరల బెంగ. రెండవది, ఎడమ పక్క కర్రకు బిగించిన అంకెల బిళ్ల. దానితో 2800 గజాల దాకా, అంటే రెండున్నర కిలోమీటర్ల దూరానికి గురి పెట్టవచ్చు. అంత దూరాన మనిషి కంటికి ఆనడు. ఆ సంగతి దొరలకూ తెలుసు. ఒక్క మనిషిని కొట్టడం కాదు ఉద్దేశం, మనుషులున్న చోటు మీద దళమంతా ఒక్కసారిగా పైకెత్తి పేలిస్తే అవతల ఎక్కడో గుండ్లు రాలతాయని. కందకాల్లో కూర్చుని యుద్ధం చేయాల్సి వచ్చాక ఈ రెండూ దండగని తేలింది. 1916లో తీసేశారు. తీసేసినందుకు గుర్తుగా చుక్క తగిలించారు!

లోపాన్ని ఆగమంగా రాసిన వైయాకరణులు వీరొక్కరే. అయినా ఈ ఒక్క విషయంలో వాళ్లంటే నాకు గౌరవం. ఏదో మానేశామని ఇనుము మీద ఒప్పుకున్నారు. మన సర్కారు పథకాల్లో కోత పడ్డ చోటల్లా ఒక చుక్క పెట్టే ఆచారముంటే, జీవోల్లో అక్షరాలకు చోటుండేది కాదు.

ఎక్కడున్నాం? సొమ్.

శంక: మొదటి ప్రపంచయుద్ధంలో, ఫ్రాన్సులోని సొమ్ నది దగ్గర 1916 జూలైలో మొదలై నవంబరులో ముగిసిన యుద్ధాన్ని 1917లో పుట్టిన తుపాకీ ఎట్లా చూసింది?

సమాధానము: "1918లో అక్కడే మళ్లీ జరిగింది కదా బావా."

జరిగింది. కాదన్నదెవరు? అప్పుడు ఇది అక్కడుందని చెప్పిందెవరు? మూలంలో ఉన్నవి నాలుగు పొడి అక్షరాలు, ఒక సంవత్సరం. మెదక్ సీమ కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయనని ముందే నియమం పెట్టుకున్నాడు. తుపాకుల వ్యాఖ్యాతలదీ గట్టి నియమమే, మూలంలో ఉన్నది రాయరు.

పాఠాంతరములు: బోల్టు మీది నంబరూ గొట్టం మీది నంబరూ కలిస్తే శుద్ధప్రతి, కలవకపోతే సంకరమని వీరి మతము. కలవడానికి కారణం లేకపోలేదు, ప్రతి బోల్టునూ ఆ తుపాకీకే సరిపడేట్టు అమర్చేవారు. కానీ మరమ్మతు డిపోలో ఎవడో అరిగిన బోల్టు మార్చి కొత్త నంబరు కొట్టాడా, అది ప్రక్షిప్తమని ఈసడిస్తారు. వాడు మార్చబట్టే అది మళ్లీ పేలిందన్నది వీరికి పట్టదు.

అసలు సాక్ష్యం ఆ నంబర్లలో లేదు. తూటాల పెట్టెకు కాస్త ముందు, కర్రలో అడ్డంగా దిగిన చిన్న మరమేకు ఉంది. కర్ర చీలకుండా ఇండియాలో బిగించేవారు. కలకత్తాకు ఎగువన ఉన్న ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ పేరుతోనే సేకర్తలు దాన్ని పిలుస్తారు. అంటే ఈ తుపాకీ మన దగ్గర నౌకరీ చేసింది. ఈ మాట చెబితే మావాడు మొహం ముడుచుకున్నాడు. "ఆ మేకు లేకపోతే ఇంకో రెండొందల డాలర్లు పలికేది బావా!" బర్మింగ్‌హామ్‌లో గుద్దిన ముద్ర చరిత్రట, ఇషాపూర్‌లో తిప్పిన మేకు మచ్చట.

టీకాకారుడికి కోపం రాకూడదు. కానీ వినండి. 1857 తరవాత సిపాయీలకు చూపుకి ఎన్‌ఫీల్డ్‌లాగే ఉండి, గొట్టంలో గాడులు లేని తుపాకులిచ్చారు, దూరం కొట్టలేకుండా. ఆ బుద్ధి తరవాతా పోలేదు. ఇవే త్రీనాట్‌త్రీల గొట్టాలు తొలిచి నున్నగా చేసి, .410 మస్కెట్లుగా మార్చి, తూటాల పెట్టెలో చెక్కముక్క దిగ్గొట్టి జైలు కావలివాళ్లకూ పోలీసులకూ పంచారు. ఒక విడతకు ఒక్కటే తూటా. కావలికి మనిషి కావాలి, ఆ మనిషి మీద నమ్మకం మాత్రం లేదు. సేకర్తలు దీన్ని అరుదైన రకమంటారు. చెక్కముక్క ఊడకుండా ఉంటే మరీ అరుదట.

స్విట్జర్లాండు వాళ్ల కె-31 రైఫిలు మడమ రేకు విప్పితే, కొన్నింట్లో సైనికుడి పేరూ చిరునామా ఉన్న చీటీ దొరుకుతుంది. ఈ మేకున్న తుపాకీని మోసినవాడికి అలాంటి చీటీ ఎవరూ పెట్టలేదు. ఆ ఖాళీలోకి మా బావమరిది సొమ్ యుద్ధం వచ్చి కూర్చుంది.

శేషము: గొట్టం మీద ఇంకో వరస ఉంది, మెషీనుతో గీకిన సన్నటి అక్షరాలు. తుపాకీని దిగుమతి చేసుకున్నవాడు తన పేరూ ఊరూ రాష్ట్రమూ చెక్కితీరాలని అమెరికా చట్టం. ఇది ఎక్కడికి, ఎవరి ద్వారా వచ్చిందో అనుమానం లేకుండా చెప్పే వాక్యం మొత్తమ్మీద ఇదొక్కటే. ఇదుంటే సేకర్తల సంతలో ధర తగ్గుతుంది. మావాడు ఎన్ని ఫోటోలు పంపినా ఆ వైపు పంపడు. అడిగితే, "అది దీని చరిత్రలోది కాదు బావా" అంటాడు.