ఎనిమిదో తొట్టి

ఏడు తొట్ల కప్పల్ని నేనే చంపాను. పదిహేనేళ్ళు దాటినా ఈ మాట ఎవరితోనూ ఇంత సూటిగా అనలేదు. జబ్బొచ్చింది, పోయాయి అని చెప్పుకుంటూ వచ్చాను. జబ్బు రావడం నిజమే. దాన్ని ఒక తొట్టిలోంచి మిగతా వాటికి మోసినవి మాత్రం నా చేతులు.

2009లో చేపల పెంపకంలో పైచదువు కోసం థాయిలాండ్ వెళ్ళాను. ప్రాజెక్టు పనికి ఇసాన్ ప్రాంతంలో, ఒక కప్పల రైతు ఇంట్లో ఉంచారు. వాళ్ళు పెంచేది ‘కోప్ నా’, అంటే వరిపొలం కప్ప. మన బోదురుకప్పకు దగ్గరి చుట్టం. సిమెంటు తొట్లు ఎనిమిది, జానెడు నీళ్ళు, ఎక్కి కూర్చోడానికి ఇటుకలు, పైన నల్ల వల నీడ. తోకకప్ప కాలుకప్పయ్యాక మూడు నాలుగు నెలల్లో సంతకెళ్ళే బరువొస్తుంది. మన దేశం 1987లోనే కప్పకాళ్ళ ఎగుమతి ఆపేసింది కాబట్టి నేను కప్పల పెంపకం చూసి ఎరగను. నాకు తెలిసిందల్లా కొల్లేటి గట్టున మా నాన్న బొచ్చె, శీలావతి పెంచే చెరువు. అది చాలనుకున్నాను.

అక్కడ తండ్రికన్నా పెద్దవాణ్ణి ‘లుంగ్’ అంటారు, పెద్దమ్మను ‘పా’ అంటారు. ఆ రైతు దంపతుల్ని నేనూ అలాగే పిలిచాను. సొంత కొడుకుతో సమానంగా అన్నం పెట్టారు. చదువుకున్న పిల్లాడు వచ్చాడని లుంగ్ నా మాట వేదంలా విన్నాడు.

మే నెలాఖరు. మోటారు కాలిపోయి నాలుగు రోజులు నేను చూసే తొట్లలో నీళ్ళు మార్చలేదు. పా మూడో తొట్టి దగ్గర ఆగి, ముక్కు మూసుకుని, ‘నాం మెన్’ అంది. నీళ్ళు కంపు కొడుతున్నాయి అని. అప్పటికి నాకొచ్చిన థాయ్ మాటలు యాభై ఉండవు గానీ ఆ రెండూ వచ్చు. అర్థమైంది. తలూపి ఊరుకున్నాను. చెరువన్నాక కంపుండదా అనుకున్నాను. మర్నాడు ఆవిడే, మేత చల్లితే ఆ తొట్టిలో కప్పలు ముందుకు రావడం లేదని చేతులతో చూపించింది. అప్పుడూ తలూపాను.

కప్ప నీళ్ళు నోటితో తాగదు. పొట్టకింద, తొడల మధ్య పలుచటి చర్మంతో పీల్చుకుంటుంది. చర్మంతో కొంత ఊపిరీ తీసుకుంటుంది. మేత కుళ్ళి, రెట్ట కలిసి, అమోనియా పెరిగిన నీళ్ళలో దాన్ని కూర్చోబెడితే ఆ నీళ్ళు ఒంట్లోకి ఎక్కించినట్టే. ఇదంతా నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతి.

మూడోనాటి పొద్దున ఆ తొట్టిలో పాతిక కప్పలు వెల్లకిలా ఉన్నాయి. బతికున్న వాటిని తిరగేస్తే తిరిగి బోర్లాపడే ఓపిక లేదు. తొడల లోపల, పొట్టమీద ఎర్రగా కమిలిన మచ్చలు. చూడగానే ‘ఎర్రకాలు జబ్బు’ అన్నాను. 1905లో ఎమర్సన్, నారిస్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు దీని మీద రాశారని, కారణం ఏరోమోనాస్ హైడ్రోఫిలా అనే బాక్టీరియా అని లుంగ్‌కి వచ్చీరాని భాషలో పాఠం చెప్పాను. పేరు చెప్పగలిగితే జబ్బు చేతికి చిక్కినట్టే అనుకునే వయసు.

కాలు ఎర్రబడటం జబ్బు పేరు కాదు, జబ్బు గుర్తు. రక్తంలోకి ఏ బాక్టీరియా పాకినా సన్ననాళాలు చిట్లి అక్కడ ఎర్రబడొచ్చు. వైరస్ వల్లా అవుతుంది, 1998లో వెలుగులోకి వచ్చిన బూజు జబ్బు వల్లా అవుతుంది. చైనా కప్పల ఫారాల్లో ఎలిజబెత్‌కింగియా అనే మరో బాక్టీరియా మెడ వంకర తిప్పేసి, కళ్ళకు తెల్లపొర కప్పి చంపుతోంది. దానికి చాలా మందులు పనిచేయవు. అలాంటిచోట కళ్ళతో చూసి మందు రాసేవాడు తప్పు చేస్తున్నట్టే.

నేను రాశాను. నాన్న తవుడులో కలిపి సంచుల్లో వేలాడదీసే ఆక్సిటెట్రాసైక్లినే గుర్తొచ్చింది. చేపల లెక్క ప్రకారం మేతలో కలిపాను. జబ్బు కప్ప మేత ముట్టదని పా ముందే చేతులతో చెప్పింది కదా. మందు తిన్నవి బాగున్న కప్పలు. మిగిలింది నానిపోయి మళ్ళీ ఆ కంపు నీళ్ళలోనే కలిసింది.

ఇక వల సంగతి. రోజూ పొద్దున్నే, ఆత్రం కొద్దీ, ముందు జబ్బు తొట్టికి వెళ్ళేవాణ్ణి. చచ్చినవాటిని గుడ్డవలతో తీసి, అదే వలతో, అదే బకెట్‌తో, అవే బూట్లతో నాలుగు, ఐదు, ఆరు, ఏడు, ఆ తర్వాత ఒకటి, రెండు తిరిగేవాణ్ణి. జబ్బు కూడా సరిగ్గా అదే వరసలో పాకింది. ఏ తొట్టిలో ఏ రోజు ఎన్ని పోయాయో నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ వరస నా చేతిరాతతోనే ఉంది. రాస్తున్నప్పుడు ఒక్కసారీ కంటికి ఆనలేదు.

పదకొండో రోజున చచ్చిన కప్పను మంచులో పెట్టి ల్యాబుకు పట్టుకెళ్ళాను. అక్కడి ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. ఈ ఎండలో చచ్చాక పెరిగిన బాక్టీరియాయే ఇందులో దొరుకుతుంది, జబ్బుతో బతికున్నదాన్ని తీసుకురా అంది. తెచ్చాను. మూత్రపిండం నుంచి తీసి పెంచింది ఏరోమోనాసే. నేను చెప్పిన పేరు సరైనదే. కానీ ఆక్సిటెట్రాసైక్లిన్ బిళ్ళ పెట్టినచోట బాక్టీరియా బిళ్ళ అంచుదాకా దట్టంగా పెరిగి ఉంది. ఆ ప్లేటు చేతికిచ్చి ఆవిడేమీ అనలేదు. ఎన్నాళ్ళుగా వాడుతున్నావని మాత్రం అడిగింది.

ఎనిమిదో తొట్టిలో ఒక్క కప్ప పోలేదు. అది పా తొట్టి. గుడ్లు పెట్టే తల్లికప్పల్ని అందులో ఉంచి, నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు. తన జల్లెడ వేరే. మోటారు పోయిన నాలుగు రోజులూ బావిలోంచి బిందెలతో తోడి నీళ్ళు మార్చింది. ఆవిడ ఏ పుస్తకమూ చదవలేదు. ముక్కుతో పసిగట్టింది, అంతే.

అసలు చెప్పుకోవలసింది దీని తర్వాత జరిగింది. లుంగ్ ఆ కప్పల్ని పిల్లలుగా ఉన్నప్పుడు అప్పుచేసి కొన్నాడు. ఎందుకిలా అయిందని నన్ను అడిగాడు. వలను, వరసను, నా నోటుబుక్కును చూపించి చెప్పాల్సింది. ‘ఇది జబ్బు, ఎవరి చేతుల్లోనూ లేదు’ అన్నాను. నా మాట నమ్మి ఆయన తలూపాడు. రిపోర్టులో ‘బాక్టీరియా వ్యాధి వల్ల నష్టం’ అని ఒక్క ముక్క రాసి డిగ్రీ తీసుకున్నాను. వాళ్ళింటికి మళ్ళీ వెళ్ళలేదు. ఉత్తరం కూడా రాయలేదు.

ఇప్పుడు కైకలూరు, ఆకివీడు పక్క చెరువుల్లో తిరుగుతున్నాను. బొచ్చెకు, శీలావతికి ఎర్రమచ్చలు వేసి చంపేదీ ఆ ఏరోమోనాసే. అది మంచినీళ్ళున్న ప్రతిచోటా ఉంటుంది. చేప బలంగా ఉన్నంతకాలం ఊరుకుంటుంది, నీళ్ళు చెడి, చేప కిక్కిరిసి నీరసించినప్పుడు మీద పడుతుంది. గట్టుమీద ఎవరన్నా మచ్చ చూసి మందు పేరు చెబుతుంటే నాకు ఆ మూడో తొట్టి కనిపిస్తుంది.

చెరువున్న అన్నలకు, తమ్ముళ్ళకు నా విన్నపం. మచ్చ కనిపించిన రోజున ముందు నీళ్ళు పరీక్ష చేయించండి. జబ్బుచేప బతికుండగానే ల్యాబుకు తీసుకెళ్ళండి. ఏ మందు పనిచేస్తుందో అక్కడ తేలాకే కొనండి. జబ్బు చెరువులో దించిన వలను ఎండబెట్టకుండా ఇంకో చెరువులో దించకండి. మీ ఇంట్లో ఆడవాళ్ళెవరైనా గట్టుమీద నిలబడి నీళ్ళు కంపు కొడుతున్నాయంటే, ఆ పూటే మోటారు వెయ్యండి.