గడప లేని ఇంట్లో గారెలు

నేను ఇనప మూకుణ్ణి. అమ్మమ్మ పెళ్ళి సారెలో వచ్చాను. తెనాలి పక్క పల్లెలో నలభై ఏళ్ళు కట్టెల పొయ్యి మీద కాగి, గోనెసంచిలో కూర్చుని లింగంపల్లిలో రైలు దిగాను. ఇప్పుడు కాపురం నల్లగండ్లలో, పదకొండో అంతస్తులో. ఇక్కడి గాజు స్టౌ మీద నా గుండ్రటి అడుగు నిలవదు. అమ్మమ్మ మసిగుడ్డతో నా చెవి పట్టుకునే వండుతుంది.

నన్ను తెచ్చింది మనవరాలి కోసం. బోర్లాపడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు. మా వాళ్ళ లెక్క ఇది. బొబ్బట్లు పెనం కొట్టేసింది, కుడుములు ఇడ్లీపాత్రకి పోయాయి. నా వంతు గారెలూ అరిసెలూ.

తొమ్మిదో నెల దాటినా పిల్ల దోగాడలేదు. ఫోన్లో యాప్ ఎర్రగుర్తు పెట్టింది. తల్లిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఎర్రగుర్తు చూస్తే నిద్రపట్టదు.

"అమ్మా, దీనికేమైనా తేడా ఉందంటావా?"

"హాలంతా చుట్టేస్తోంది చూడవే. దేకుతోంది."

కూర్చున్నచోటు నుంచి పిర్రల మీద జరగడానికి మనకో మాటుంది. యాప్‌లో దానికి గడే లేదు.

పిల్లల డాక్టరూ నవ్వేశాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రచురించిన అధ్యయనంలో, మన దేశంతో కలిపి ఐదు దేశాల పిల్లల్ని చూస్తే, వందకి నలుగురు దోగాడకుండానే నడిచారట. సొంత నడక కొందరికి 8 నెలలకే వస్తుంది, కొందరికి 17 దాటాక వస్తుంది.

సరే, గారెలకు గడపేదీ? గదికీ గదికీ మధ్య టైల్స్ నున్నగా సాగిపోతాయి. వీధి తలుపు దగ్గర ఒక్కటుంది, పసుపు రాసింది. ఓ ఆదివారం పిల్ల దేక్కుంటూ దాన్ని దాటి, చెప్పుల స్టాండు దాకా వెళ్ళి, వాళ్ళ నాన్న బూటు తాడు నోట్లో పెట్టుకుంది. అమ్మమ్మ ఆశకొద్దీ పొద్దున్నే మినప్పప్పు నానబోసి ఉంచింది!

అలాగని అమ్మమ్మ లెక్కే గొప్పదని నేననను. అందులో వరస ఉంది, తేదీ లేదు. పాతింట్లో ఒక పిల్లాడికి మూడేళ్ళొచ్చినా నాలో అరిసె వేగలేదు. "వాళ్ళ తాతకీ నడక ఆలస్యమే" అనుకుని అందరూ ఊరుకున్నారు. ఎదుగుదల వెనకబడిన పిల్లల్ని చూసే జాతీయ సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచీ ఉంది. ఆ సంగతి ఇంట్లోవాళ్ళ చెవిన పడేసరికి వాడికి ఏడేళ్ళు. అందుకే అమ్మమ్మ యాప్‌ని తిట్టుకుంటూనే నెలనెలా కూతురి చేత చదివించుకుంటుంది.

పదిహేనో నెలలో సోఫా నుంచి టీవీ వైపు నాలుగడుగులు పడ్డాయి. తడిపిండి, బెల్లం పాకం, నువ్వులు. గుడ్డ పరిచి అరిసెల మీద నడిపించారు. మిగతావి లిఫ్టెక్కి ఫ్లాట్ ఫ్లాట్‌కీ వెళ్ళాయి.

మీ ఇంట్లో బిడ్డకి పద్దెనిమిది నెలలు నిండినా సొంతంగా అడుగు పడకపోతే, వచ్చిన మాటలు మళ్ళీ పోతున్నట్టుంటే, మూకుడు పొయ్యెక్కేదాకా ఆగకండి. డాక్టరుకు చూపించండి.