నల్ల గుడ్డ మీద నల్ల దారం

తెనాలిలో జాకెట్లు కుట్టే ఒకావిడ ఎడమకంట్లో ఉంటాను నేను. కంటిపాప వెనక, పుట్టుకతో వచ్చిన కటకం ఉండే పల్చటి సంచి ఒకటుంది. అదే నా ఇల్లు. నా వెడల్పు 6 మిల్లీమీటర్లు, చేతులు చాపితే 13. ఆ చేతుల్ని సంచి గోడలకు ఆనించి కదలకుండా కూర్చుంటాను. నా ఒంటిమీద ఒకదాని చుట్టూ ఒకటిగా సన్నటి వలయాలున్నాయి. వాటి వల్లే నాకు మల్టీఫోకల్ లెన్సు అని పేరు. ఆవిడ మాత్రం నన్ను ‘ఖరీదు లెన్సు’ అంటుంది. చిట్టీ పాడి తెచ్చిన డబ్బు మరి.

నేను చూడలేను. చూసేది నా వెనకున్న రెటీనా, దాని వెనకున్న మెదడు. లోపలికొచ్చిన వెలుగును పంచడం వరకే నా పని. ఆ పంపకం గురించే నేను చెప్పుకోవలసింది.

మా వంశం యుద్ధంలో పుట్టింది. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ యుద్ధవిమానాల పైకప్పులు పగిలి, ఆ ప్లాస్టిక్ పెంకులు పైలట్ల కళ్లలో దిగబడ్డాయి. పరాయి వస్తువు దూరితే కన్ను మండిపడాలి. పెర్‌స్పెక్స్ అనే ఆ ప్లాస్టిక్ ముక్కల్ని మాత్రం ఓర్చుకుంది. లండన్‌లో సెయింట్ థామస్ ఆస్పత్రి డాక్టరు హెరాల్డ్ రిడ్లీ అది గమనించాడు. శుక్లం తీసేటప్పుడు పక్కనున్న వైద్యవిద్యార్థి ఒకడు, తీసినదాని చోట ఇంకోటి పెట్టరా అని అడిగాడట. 1949 నవంబర్ 29న రిడ్లీ ఆ ప్లాస్టిక్‌తోనే చేసిన లెన్సును మొదటిసారి పెట్టి చూపించాడు. తోటివాళ్లు ఏళ్ల తరబడి ఆయన్ని తప్పుపట్టారు. సర్ బిరుదు వచ్చేసరికి 2000 అయింది.

మా ఆవిడ తల్లికి ఆ లెన్సు అందలేదు. శుక్లం తీశాక సోడాబుడ్డి కళ్లద్దాలే. మధ్యలో వస్తువులన్నీ పెద్దవై మీదికొచ్చేవి, అంచుల్లోంచి వచ్చే మనిషి హఠాత్తుగా ఊడిపడేవాడు. అద్దాలు తీస్తే మనవరాలి మొహం కూడా పోల్చుకోలేకపోయేది. 1992లో మదురైలో అరవింద్ కంటి ఆస్పత్రి వాళ్లు ఆరోల్యాబ్ పెట్టి, దిగుమతి లెన్సుల ధరలో చిన్న భాగానికే లెన్సులు చేయడం మొదలుపెట్టాక ఆ సోడాబుడ్లు ఊళ్లలోంచి నెమ్మదిగా మాయమయ్యాయి. అవి సాదా లెన్సులు, ఒక్క దూరానికే పనిచేస్తాయి. వాటిమీద నాకెంత గౌరవమో చెప్పలేను. దేశంలో శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లలో ఎక్కువమంది కళ్లలో ఇవాళ్టికీ ఉన్నది ఆ మా అక్కలే.

సాదా లెన్సును దూరానికి అమరిస్తే దగ్గర పనికి కళ్లజోడు కావాలి. పడుచువాళ్ల కటకం దగ్గరిది చూసేటప్పుడు తనంతట తానే ఉబ్బుతుంది. ఆ గుణం తగ్గడమే నలభైల్లో వచ్చే చత్వారం. నేను ఉబ్బలేను. అందుకే వెలుగును చీలుస్తాను. రూపాయి వెలుగు వస్తే 44 పైసలు దూరానికి, 22 పైసలు కూరలు తరిగే పీటంత దూరానికి, 22 పైసలు పుస్తకం పట్టుకునే దూరానికి. మిగతా 12 పైసలు ఎక్కడికీ చేరవు. దర్జీ ఇంట్లో ఉన్నాను కనక ఆ భాషలోనే చెబుతాను: ఒక్క జాకెట్టు ముక్కలో మూడు జాకెట్లు కత్తిరించమంటే కత్తిరించవచ్చు. కానీ గుడ్డ పెరగదు. కత్తిరింపులు పోగా మిగిలిందే మూడింటికీ సర్దాలి.

ఈ మాట ఆవిడకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

కొలతలు మాత్రం శ్రద్ధగానే తీసుకున్నారు. కంటి పొడవు వెలుగుతో కొలిచారు. ఒక్క మిల్లీమీటరు తప్పితే పవర్‌లో రెండున్నరకు పైగా తేడా వస్తుంది. నల్లగుడ్డు వంపు చూశారు. వంకర ఎక్కువుంటే నాలాంటిదాన్ని మామూలుగా పెడితే లాభం లేదు. రెటీనా నడిబొడ్డు బాగుందా, నీటికాసులు ఉన్నాయా, షుగరు కంటిదాకా వచ్చిందా, కన్ను పొడిబారుతోందా అన్నీ చూశారు. ఆ జబ్బులున్న కంట్లోకి నేను వెళ్లకూడదు. అసలే వెలుగు చాలక అలమటించే రెటీనాకు చీల్చిన వెలుగు పంపడం అన్యాయం. ఆ పరీక్షలన్నీ ఆవిడ గెలిచింది.

ఆ తర్వాత ధరల కాగితం పట్టుకుని ఒక అమ్మాయి కూర్చోబెట్టింది. “ఇది వేయించుకుంటే ఇక కళ్లజోడు మాటే ఉండదమ్మా” అంది. ఏం పని చేస్తారమ్మా అని అడగలేదు. జాకెట్టు కుట్టే మనిషి ఒంటి కొలతలతో ఊరుకోదు. పెళ్లికా, రోజువారీకా, చంకల్లో వదులుండాలా, పని చేసుకునేటప్పుడు చెయ్యి పైకెత్తుతారా అని అడుగుతుంది. కంటిని మిల్లీమీటర్లలో కొలిచినవాళ్లు ఆ కన్ను గడిపే రోజును కొలవలేదు. నా బాధంతా ఇదే. నేను మంచి లెన్సునే. కానీ నా గురించి సగం మాట చెప్పి నన్ను లోపలికి పంపారు.

ఆపరేషన్ చకచకా అయింది. శబ్దతరంగాలతో శుక్లాన్ని నుజ్జుచేసి పీల్చేశారు. నన్ను చుట్టలా చుట్టి, రెండు మిల్లీమీటర్లు దాటిన చిన్న గాటులోంచి జార్చారు. లోపల నెమ్మదిగా విచ్చుకున్నాను. కుట్లు లేవు.

మర్నాడు కట్టు విప్పాక ఆవిడ చూసింది తన మిషను పక్కనున్న దారపు రీళ్ల డబ్బానే. ముదిరిన శుక్లం పసుపుపచ్చ గాజులాంటిది, నీలాన్ని మింగేస్తుంది. ఇన్నాళ్లూ నలుపనుకున్న రీళ్లలో మూడు ముదురు నీలం. తెలుపనుకున్నది మీగడ రంగు. ఒక్కో రీలూ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది. ఆ తర్వాత గుర్తొచ్చిందేమో, మంచం మీద కూర్చుండిపోయింది. రెండేళ్లుగా ఎంతమంది నల్ల జాకెట్లకు నీలం దారం వేసి కుట్టిందో. ఒక్కరూ పైకి అనలేదు. ఆ కన్ను తడిసింది. వేసుకున్న చుక్కల మందు వల్ల కాదని నాకు తెలుసు.

నెల తిరిగేసరికి చార్టులో 6/6 గీత చదివింది. చేతిలో పెట్టిన కార్డు మీద N6 అక్షరాలు చదివింది. కేసు షీటులో ఫలితం బాగుందని రాశారు, అబద్ధం కాదు. బస్సు బోర్డులు, ఫోన్లో మనవడి మెసేజులు, బియ్యంలో రాళ్లు, పంచాంగం... ఇవన్నీ కళ్లజోడు లేకుండానే చూస్తోంది. ముప్ఫై ఏళ్ల చిరాకు వదిలింది. నాలాంటి లెన్సులనూ సాదా లెన్సులనూ పోల్చిన పరిశోధనలన్నిటినీ కూడగట్టి చూసినవాళ్లు తేల్చింది కూడా ఇదే: దూరపు చూపులో రెండూ ఇంచుమించు సమానం, దగ్గరి చూపులోనూ కళ్లజోడు అవసరం తగ్గించడంలోనూ మాది పైచేయి, దీపాల చుట్టూ వలయాలూ, పల్చని తేడాలు పట్టలేకపోవడమూ మావాళ్లలోనే ఎక్కువ.

ఆ రెండో సగం ఆవిడకు మొదట బస్టాండు దగ్గర ఎదురైంది. రాత్రి కోడలి స్కూటీ వెనక కూర్చుని వస్తుంటే ఎదురొచ్చే ప్రతి లైటు చుట్టూ చంద్రుడికి వరదగుడి కట్టినట్టు రింగులు. “ఏంటత్తయ్యా, అంత గట్టిగా పట్టుకున్నారు?” అంది కోడలు. ఒకచోట స్పష్టంగా పడిన వెలుగు చుట్టూ, మిగతా దూరాలకు పోవలసిన వెలుగు మసకగా పరుచుకోవడమే ఆ గుడి. మూడు నెలలకో ఆరు నెలలకో చాలామంది మెదళ్లు దాన్ని పక్కనపెట్టడం నేర్చుకుంటాయి. ఆవిడ మెదడు నాలుగో నెలకు నేర్చుకుంది. రింగులున్నాయి, కానీ చూడడం మానేసింది. ఎప్పటికీ అలవాటుపడనివాళ్లూ కొద్దిమంది ఉంటారు. వాళ్ల కళ్లలోంచి మమ్మల్ని తీసి సాదా లెన్సు పెట్టవలసి వస్తుంది.

నల్ల జాకెట్టుకు మాత్రం మెదడు అలవాటుపడలేదు. చార్టు మీద తెల్లటి దాని మీద నల్లటి అక్షరం ఉంటుంది. నల్ల గుడ్డ మీద నల్ల దారం దానికి పూర్తిగా ఎదురు. ట్యూబులైటు కింద, చీకటి పడ్డాక, ఒళ్లో పెట్టుకుని హుక్కులు కుడుతోంది. గుడ్డ నుంచి వచ్చేదే పైసా వెలుగు. అందులో నేను దగ్గరికి పంపేది నాలుగోవంతు కూడా కాదు. సూది ఎక్కడ దిగిందో తెలియలేదు. వేలికి గుచ్చుకుంది. విప్పి మళ్లీ కుట్టింది. మర్నాటి నుంచి నల్లవీ ముదురు మెరూన్‌వీ పగటిపూటకు వాయిదా వేసింది. అప్పటికీ కళ్లజోడు పెట్టుకోలేదు. పెట్టుకుంటే చిట్టీ డబ్బు గంగపాలైందని ఒప్పుకున్నట్టు ఉంటుందని.

ఆర్నెల్లకు కుడికంటి శుక్లం కోసం వెళ్లింది. ఈసారి వేరే డాక్టరమ్మ. “చార్టంతా చదువుతున్నారు, ఇబ్బందేమీ లేదు కదమ్మా?” అంది. మా ఆవిడ జవాబు చెప్పకుండా సంచిలోంచి సగం కుట్టిన నల్ల జాకెట్టు తీసి బల్ల మీద పరిచింది. సూదీ దారం దానికే గుచ్చి ఉన్నాయి.

డాక్టరమ్మ పరీక్షల పెట్టెలోంచి ప్లస్ రెండున్నర అద్దం తీసి నా కంటి ముందు పెట్టింది. అంతే, దూరానికి పోయే నా 44 పైసలూ వచ్చి గుడ్డ మీద పడ్డాయి. కుట్టు వరసగా కనబడింది. “దీన్ని ఓటమి అనుకోకండమ్మా, నల్లవి కుట్టేటప్పుడు మాత్రం పెట్టుకోండి. ముందే చెప్పాల్సిన మాట ఇది” అంది. మిషను మీదికి మంచి దీపం ఒకటి పెట్టుకోమంది. సంచి వెనకగోడ కొన్నాళ్లకు మసకబారవచ్చనీ, దాన్ని చూసి శుక్లం మళ్లీ వచ్చిందని భయపడొద్దనీ, లేజరుతో నిమిషాల్లో పోతుందనీ కూడా చెప్పింది. ఆవిడ అన్నిటికీ తలూపింది.

“మరి ఈ కంటికి ఏది వేస్తారమ్మా?”

“చెబుతాను. సాదాది దగ్గరికి అమర్చవచ్చు, దూరానికి అమర్చవచ్చు, ఆ కంట్లో ఉన్నదే వేయవచ్చు. ముందు మీరు సూది ఎంత దూరంలో పట్టుకుంటారో చూపించండి.”

మా ఆవిడ మెడలోంచి టేపు తీసింది. ఆస్పత్రికి కూడా వేసుకునే వచ్చింది. ఒక కొస ముక్కు మొదట్లో ఆనించుకుని, రెండో కొస ఒళ్లో ఉన్న జాకెట్టు దాకా లాగి, వంగి అంకె చూసింది.

“పదమూడున్నర అంగుళాలు” అంది. డాక్టరమ్మ రాసుకుంది.