తాళం గారి మేడ

కడియపులంక రోడ్డు పొడుగునా వెతకండి, ఖాళీ కుండీ దొరికితే నన్నడగండి. మొక్క అమ్ముడైన పూటే అందులోకి మరో అంటు ఎక్కేస్తుంది. ఖాళీ కుండీ అంటే కూర్చుని తినే అల్లుడని మా నర్సరీ రైతుకి పుట్టుకతోనే తెలుసు.

అదే రైతు లోపలి వీధిలో రెండంతస్తుల మేడ కడతాడు. గ్రానైటు పరిచి, గృహప్రవేశానికి ఊరందరికీ బూరెలు పెట్టి, వారం తిరక్కుండా తాళం వేస్తాడు. కొడుకు డాలస్‌లో, కూతురు బెంగళూరులో, తను పాత పెంకుటింట్లో. మేడలో కాపురం మాత్రం తాళం గారిది. సంక్రాంతికి మూడు రోజులు ఆయనకి సెలవు. పై వాటా అద్దెకిస్తారా అని ఎవరైనా అడిగితే, “అబ్బాయొస్తే ఎక్కడ దిగుతాడండీ?” అంటారు. అబ్బాయి వచ్చి మూడేళ్ళయింది.

ఇలాంటి కొంపలకి పన్నేస్తే ఇళ్ళ కొరత తీరుతుందని పెద్దలంటున్నారు. కెనడాలోని వాంకూవర్ నగరం 2017 నుంచి వేస్తోంది. ఇంటి విలువలో 1 శాతంతో మొదలుపెట్టి, 2021కి 3 శాతం చేసింది. మనమేం తక్కువ తిన్నామా? మన పట్టణాల్లో ఖాళీ స్థలానికి పన్నుంది. ఖాళీ ఇంటికి మాత్రం వేకెన్సీ రెమిషన్ ఉంది. “అయ్యా, నా ఇంట్లో ఎవరూ లేరు” అని అర్జీ పెట్టుకుంటే ఇంటిపన్నులో సగం దాకా తగ్గిస్తారు. గోడలు లేకపోతే జరిమానా, మనుషులు లేకపోతే బహుమానం! కేంద్రం వారూ వెనకబడలేదు. ఖాళీగా ఉంచిన రెండో ఇంటికి అద్దె వచ్చినట్టే లెక్కగట్టి వేసే ఆదాయపన్నుని 2019 బడ్జెట్లో ఎత్తేశారు. తాళం గారికి ఢిల్లీ దాకా పలుకుబడి.

పోనీ, రేపు పన్నేశారే అనుకోండి. ఇంగ్లండులో 1696లో కిటికీల మీద పన్నేస్తే జనం కిటికీలకి ఇటుకలు పేర్చారు. గోదారోళ్ళం, మాకు ఇటుకల ఖర్చెందుకు? గుమ్మంలో రెండు జతల పాత చెప్పులు, దండెం మీద ఒక లుంగీ, మీటరు తిరగడానికి హాల్లో ఒక ఫ్యాను. పొద్దున్నే ముగ్గెయ్యడానికి నెలజీతం మీద ఓ మనిషి. కొరత తీరకపోయినా ఉపాధి పెరుగుతుంది. అసలు మొదటి నోటీసు ఎవరికివ్వాలో అదీ చూసుకోవాలి. పట్టణ పేదల కోసం కట్టి, గోడలు లేచిన టిడ్కో ఇళ్ళని లబ్ధిదారులకివ్వకుండా ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ వదిలేసింది సర్కారు వారే. పార్టీలు మారాయి, రంగులు మారాయి, తాళం మారలేదు.

నవ్వులాట పక్కన పెడదాం. 2011 జనగణనలో దేశంలోని పట్టణాల్లో ఖాళీ ఇళ్ళు దాదాపు 1.1 కోట్లు. మరుసటి ఏడు కేంద్ర నిపుణుల బృందం తేల్చిన పట్టణ ఇళ్ళ కొరత సుమారు 1.88 కోట్లు. అందులో 95 శాతం పైగా పేదలదీ, చిన్న ఆదాయాల వాళ్ళదీ. గ్రానైటు మేడ తలుపు తెరిచినా రోజుకూలీ ఆ అద్దె కట్టలేడు, నిజమే. కానీ ఆ పై వాటాలోకి బ్యాంకు ఉద్యోగి మారితే, ఆయన వదిలిన రెండు గదులు నర్సరీ మేస్త్రీకి దక్కుతాయి. మేస్త్రీ వదిలిన గది ఇంకొకరికి. అంటు మారినట్టే ఇల్లూ మారుతుంది. అద్దెకొచ్చినవాడు ఖాళీ చెయ్యడేమోనన్న భయం యజమానికుంది. దానికి రాతకోతలతో గట్టి ఒప్పందం, వివాదం వస్తే త్వరగా తేల్చే ఏర్పాటు కావాలి. తాళం దానికి మందు కాదు.

ఖాళీ ఇంటికి పన్నేసే ధైర్యం లేకపోతే మానెయ్యండి. ముందు తాళానికిస్తున్న ఆ సగం తగ్గింపైనా ఆపండి.